కందిగింజ లెక్క

2³ ఎంత అని అడిగితే ఏడో తరగతి పిల్లలు చాలామంది ఆరు అంటారు. పైన బుల్లిగా రాసిన అంకె ఏం చెయ్యమంటుందో వాళ్ల చేత ఎవరూ చేయించి చూపలేదు. అందుకే వికారాబాద్‌లో సాయంత్రాలు లెక్కలు చెప్పేటప్పుడు ఘాతాంకాలను నేను బోర్డు మీద మొదలుపెట్టను. తాండూరు నాపరాళ్లు పరిచిన అరుగు మీద సుద్దముక్కతో చదరంగం గళ్లు గీయించి, దోసెడు కందులు పోస్తాను. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పిల్లలకు అది పుట్టినప్పటినుంచీ ఇంటి గింజే.

మొదటి గడిలో ఒకటి. తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది. ఎన్నిసార్లు రెట్టించామో అదే ఘాతాంకం. నాలుగో గడికి వచ్చేసరికి మూడుసార్లు రెట్టించాం కనుక 2³, ఎనిమిది గింజలు. మరి మొదటి గడి సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడ ఒక్కసారి కూడా రెట్టించలేదు, కాబట్టి 2⁰. గింజ మాత్రం ఒకటి ఉంది. సూత్రం చెప్పి ఒప్పించడం కన్నా ఈ ఒక్క గింజను చూపించడమే మేలని నా గట్టి నమ్మకం.

పదకొండో గడికి 1,024 గింజలు. గింజ గ్రాములో పదోవంతు తూగుతుందనుకుంటే వంద గ్రాములు, పిల్లల దోసిట్లో పడతాయి. ఇంకో పది గళ్లు దాటితే 10,48,576 గింజలు, ఇంచుమించు క్వింటా. మరో పది గళ్లకు వంద టన్నులు మించుతాయి. పది గళ్లు నడిచిన ప్రతిసారీ బరువు సుమారు వెయ్యింతలు. ఘాతాంకాలను కూడితే సంఖ్యలు గుణించుకుంటాయన్న సూత్రం ఇదే. మార్కెట్ యార్డులో క్వింటాళ్ల బేరాలు విన్న పిల్లలకు ఇది బట్టీ పట్టాల్సిన పని లేదు.

64 గళ్ల మొత్తం 2⁶⁴ − 1. ఇరవై అంకెల ఆ సంఖ్యను పావులూరి మల్లన వందల ఏళ్ల కిందటే తెలుగు పద్యంలో ఇమిడ్చాడు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి అంకెకో మాట: చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు. ఆయన తెలుగు చేసిన గణితసారసంగ్రహం మహావీరాచార్యుడిది. మహావీరుడు కీర్తించిన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి రాజధాని మాన్యఖేటం, నేటి మల్ఖేడ్, తాండూరు దాటి వాడి వైపు వెళ్లే రైలుదారిలోనే వస్తుంది. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెబుతాను. లెక్కలు ఎక్కడో దూరాన పుట్టినవని వాళ్లు అనుకోకూడదు.

పై తరగతిలో రుణ ఘాతాంకాలు వస్తాయి. వాటికీ ఈ గళ్లే చాలు. మొదటి గడికి వెనక ఇంకో గడి గీయండి. ముందుకు నడిస్తే రెట్టింపు, వెనక్కి వస్తే సగం. 2⁻¹ అంటే అరగింజ. ఆ గడిలో కందిబద్ద పెట్టాలి.