గెత్సేమనే ఘట్టమున ధైర్యవిశ్వాసములు

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతముల తెలుగువారికి ఒకే మాటను రెండు భాషలలో వినుట క్రొత్త గాదు. తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిలు 1వ తేదీ వఱకు చిత్తూరు జిల్లాలో నుండి, ఆనాడు మద్రాసు రాష్ట్రమున జేరినది. నేడు అది తిరువళ్ళూరు జిల్లాలోనిది. ఇంట తెలుగును, బడిలో తమిళమును నేర్చిన పాఠకుడు యేసు పట్టువడిన ఘట్టమును ఉభయభాషల బైబిళ్ళలో ప్రక్కప్రక్కన జదివినచో నొక భేదము తోచును.

మత్తయి సువార్త 26వ అధ్యాయము, 50వ వచనమున, యూదా ముద్దు పెట్టుకొనిన తోడనే యేసు పలికిన మాట కలదు. వాడుకలో నున్న తెలుగు అనువాదమున నది ఆజ్ఞ: వచ్చిన పని చేయుమనుట. ప్రాత తమిళ అనువాదమున నది ప్రశ్న: దేనికి వచ్చితివనుట. ఇది అనువాదకుల ప్రమాదము గాదు. గ్రీకు మూలమున నా వాక్యము ‘నీవు దేనికై వచ్చితివో’ అన్నంతనే నిలిచిపోవును. శేషమును చదువరియే పూరింపవలెను. ఆంగ్లమునను 1611 నాటి అనువాదము ప్రశ్నగా, 1881 నాటి సవరణ ఆజ్ఞగా గ్రహించినవి.

ఈ భేదము చిన్నది గాదు. పట్టువడుటను నిస్సహాయతగా దలచువారు పెక్కుమంది. ఆజ్ఞగా జదివినచో నా తలంపు నిలువదు. అంతకు ముందే యేసు మిక్కిలి దుఃఖపడి, ఆ గిన్నె తొలగిపోవలెనని ముమ్మారు ప్రార్థించెను. కావున ఇచ్చటి ధైర్యము భయమెఱుగని ధైర్యము గాదు; భయమును తండ్రి ముందుంచి, ఆయన చిత్తమునకు లోబడి లేచిన ధైర్యము. అప్పగించువాడు సమీపించెనని శిష్యులను లేపినవాడు, వాడెందుకు వచ్చెనో యడుగ నక్కఱ యేమి? మత్తయి వఱకు తెలుగు పాఠమే మేలు.

అయితే ‘చెలికాడా’ యను సంబోధనమున మన అనువాదము మూలముకంటె కొంత వెచ్చనైనది. ఇచ్చటి గ్రీకు పదము ప్రాణస్నేహితుని దెలుపు పదము గాదు, తోడివాడనుట. మత్తయి దీనిని మూడుచోట్ల మాత్రమే సంబోధనముగా వాడెను. మూడుచోట్లను పిలువబడినవాడు తప్పుచేసినవాడే. కావ్యములలో చెలిమికి వాడిన మాట ఇచ్చట పడుటచే ద్రోహము మఱింత కటువుగా వినబడును. దోషమే యైనను ఇంపైన దోషము.

కత్తి దూసిన శిష్యుని పేరు పేతురని యోహాను ఒక్కడే చెప్పెను. ప్రార్థనవేళ నిద్రించినవాడును, తెల్లవారకముందే గురువు నెఱుగనన్నవాడును అతడే. అతని కత్తి సాహసమే గాని, దాని వెనుక విశ్వాసము లేదు. పండ్రెండు సేనావ్యూహముల దేవదూతలను కోరగలిగియు కోరనివాని మౌనముతో దానిని పోల్చి చూడవలెను.

ఇంతమాత్రమున తమిళ పాఠమును త్రోసివేయరాదు. లూకా సువార్తలో యేసు యూదాతో పలికినది నిక్కముగా ప్రశ్నయే; ముద్దుతో అప్పగించుచున్నావా యనుట. యోహానులో ముద్దే లేదు. ఎవరిని వెదకుచున్నారని సైనికులనే యడిగి, తన్ను తానే తెలుపుకొని, తనవారిని పోనిమ్మనెను. ప్రశ్న అడుగబడినవానికి మాఱు పలుకుటకు, మనసు మార్చుకొనుటకు ఒక క్షణము మిగులును. ఆజ్ఞలో నది లేదు. మఱునాడు ముప్పది వెండినాణెములను దెచ్చి ఆలయమున పాఱవేసిన యూదా, ఆ రాత్రి తాను విన్నది ఏదిగా దలచెనో మత్తయి చెప్పలేదు.