చెంబెడు నీళ్లతో అంట్లు

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. బిందె నీళ్ల కోసం ఎంతో దూరం నడిచిన అక్కడి ఆడవాళ్లు అంట్లు తోమడాన్ని ఓ విద్యగా మలిచారు.

పని పొయ్యి దగ్గరే మొదలవుతుంది. గిన్నె అడుగుకు ముందే తడిమట్టి పూస్తే మసి ఆ మట్టికే పడుతుంది, తర్వాత దానితోపాటే రాలిపోతుంది. ఎంగిలి ఊడ్చేశాక, జల్లించిన కట్టెల బూడిదను పొడిగానే చల్లి కొబ్బరిపీచుతో రుద్దుతారు. జల్లించకపోతే బొగ్గు పలుకులు గీతలు పెడతాయి. పొడి బూడిద జిడ్డును పీల్చేస్తుంది. చెయ్యి తడిచేసుకుని మళ్లీ తోమితే, అందులోని పొటాషియం కార్బనేట్ క్షారం మిగిలిన జిడ్డును విడగొట్టి, కొంత సబ్బుగా మారుస్తుంది. జారుడు పోయి వేళ్ల కింద గిన్నె కిర్రుమంటే పని అయినట్టే. ఇత్తడికీ రాగికీ మాత్రం పులుసు పిండేసిన చింతపండు పిప్పి వాడతారు. ఆ పులుపుకు చిలుము వదిలిపోతుంది.

కడగడంలోనూ ఒడుపుంది. ఒక గిన్నెను ఆఖరున తొలిచిన నీళ్లే తర్వాతి గిన్నెకు మొదటి నీళ్లు. చివరికి మిగిలిన బూడిదనీళ్లు పెరట్లో అరటి మొదట్లోకి పోతాయి. నురగ పొంగితేనే శుభ్రమనుకునే మనం కుళాయి కట్టేసి మరీ ఈ పనితనానికి దండం పెట్టాలి.