నవల వెనక ఆమె, ఆమె వెనక ఇంకొకామె

ఒక నవల మనసును పట్టుకుంటే, అది రాసినామె ఎవరో తెలుసుకోవాలనిపిస్తుంది. ఏ ఊరు, ఏం చదువుకుంది, పెళ్ళయిందా, పిల్లలున్నారా అని ఒక్కొక్కటే వెతుకుతాం. అట్ట వెనక ఫోటో ఉంటే కాసేపు దానివంకే చూస్తాం. పరిశోధన చేసినవాళ్ళం ఇంకాస్త ముందుకు వెళ్ళి ముందుమాటలు, ఇంటర్వ్యూలు, ఉత్తరాలు తిరగేస్తాం. ఈ కాలపు నవలల్నీ, వాటి రచయిత్రుల్నీ నేను తెలుసుకున్నది ఎక్కువగా ఈ దారిలోనే. ఆ దారికి అడ్డంగా నిలబడిన రచయిత్రి ఒకామె ఉంది. పుస్తకాల మీద ఆమె పేరు ఎలెనా ఫెర్రాంటె. అది ఆమె పెట్టుకున్న పేరు. పుట్టినప్పటి పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు.

1991లో, మొదటి నవల ఇంకా అచ్చు కాకముందే, ఇటలీలోని తన ప్రచురణకర్తకు ఆమె ఒక ఉత్తరం రాసింది. రాయడం వరకే తన పని, పుస్తకం ప్రచారానికి తానేమీ చేయను, సభలకు రాను, బహుమతి వచ్చినా వెళ్ళి తీసుకోను అన్నది దాని సారాంశం. 1992లో నవల వచ్చింది. మూడేళ్ళకు సినిమా కూడా అయింది. 2002లో ఒకటి, 2006లో ఇంకొకటి రాసింది. 2011 నుంచి 2014 దాకా ఏడాదికొకటి చొప్పున నాలుగు సంపుటాలుగా వచ్చిన నేపుల్స్ నవల ఆమెను ప్రపంచమంతా చదివే రచయిత్రిని చేసింది. ఆన్ గోల్డ్‌స్టీన్ చేసిన ఇంగ్లిషు అనువాదం 2012లో మొదలై 2015లో పూర్తయింది. నేను చదివింది ఆ అనువాదమే. 2024లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రచయితల్నీ విమర్శకుల్నీ అడిగి తయారు చేసిన ఈ శతాబ్దపు వంద పుస్తకాల జాబితాలో ఇందులో మొదటి సంపుటం మొదటి స్థానంలో ఉంది. ఇంత పేరు వచ్చాక కూడా ఆమె ఒక్క సభలోనూ కనిపించలేదు.

స్త్రీవాద సాహిత్య పరిశోధన చేసేవాళ్ళకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే విషయమే. ఎందుకంటే మనం ఇన్నేళ్ళుగా చేస్తున్న పని పేర్లు దాచడం కాదు, చెరిపేసిన పేర్లను తిరిగి రాయడం. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’ సంగతే చూడండి. 1887లో వచ్చిన అచ్చుప్రతిలో కొన్ని పద్యాలతో పాటు, కవయిత్రి తన గురించి తాను చెప్పుకున్న పీఠికను కూడా తీసేశారు. తన కుటుంబంలోని స్త్రీల నుంచి వచ్చిన సాహిత్య వారసత్వాన్ని ఆమె చెప్పుకున్న చోటు అది. బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి సంపాదించి 1910లో అచ్చు వేయిస్తే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. అలాగే 1910 నాటి ‘దిద్దుబాటు’ను తొలి తెలుగు కథగా చదువుకున్న మనకు, 1902లోనే బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాసిందని చెప్పడానికి ఎంతమంది ఎంత వెతకాల్సి వచ్చిందో తెలుసు. ఇలా ఒక్కొక్క పేరూ తవ్వి తీస్తున్న మనం, కావాలని పేరు దాచుకున్న స్త్రీని ఎలా అర్థం చేసుకోవాలి?

దీనికి జవాబు కోసం నేను ఇంటర్వ్యూల దగ్గరికి కాక నవల దగ్గరికే వెళ్ళాను. ఎందుకంటే నేపుల్స్ నవల మొదలయ్యేదే ఒక స్త్రీ తనను తాను చెరిపేసుకోవడంతో. అరవై ఆరేళ్ళ లీల ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. బట్టలు, కాగితాలు ఏవీ మిగల్చదు. ఫోటోల్లో తన బొమ్మ ఉన్నంతమేరా కత్తిరించి మరీ వెళుతుంది. అది తెలిసి ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఎలెనా గ్రేకోకు (ఇంట్లో లెను అంటారు) కోపం వస్తుంది. ‘నువ్వు చెరిపేసుకుంటే నేను రాసి పెడతాను’ అన్న పంతంతో మొత్తం కథ రాయడానికి కూర్చుంటుంది. నాలుగు సంపుటాలూ ఆ పంతంలోంచి వచ్చినవే. అంటే మనం చదువుతున్న పుస్తకం, అందులోని ముఖ్య పాత్ర ఇష్టానికి వ్యతిరేకంగా రాసింది. రాయడం ప్రేమా, దౌర్జన్యమా అన్న ప్రశ్న మొదటి పేజీల్లోనే పడిపోయింది.

ఇద్దరిదీ నేపుల్స్ శివార్లలోని ఒక పేదల పేట. 1950ల కాలం. లెను తండ్రి మునిసిపల్ ఆఫీసులో బంట్రోతు. లీల తండ్రి చెప్పులు కుట్టేవాడు. బళ్ళోకి వెళ్ళకముందే తనంతట తనే చదవడం నేర్చుకున్న పిల్ల లీల. ప్రాథమిక పాఠశాల అయ్యాక ఇద్దరి దారులూ వేరవుతాయి. టీచరు పట్టుబట్టడంతో లెనును పైచదువుకు పంపుతారు. లీలను పంపరు. చదువుతానని గొడవపడితే తండ్రి ఆమెను కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు, చెయ్యి విరుగుతుంది. అయినా లీల ఊరుకోదు. లైబ్రరీలో అమ్మ పేరు మీద, నాన్న పేరు మీద, అన్న పేరు మీద కార్డులు తీసుకుని పుస్తకాలన్నీ తనే చదివేస్తుంది. ఎక్కువ చదివినవాళ్ళకు బహుమతులిస్తే మొదటి నాలుగూ ఆ ఇంటికే పోతాయి, అయిదోది లెనుది. చదువు నిరాకరించిన తండ్రి పేరుకు చదివినందుకు బహుమతి! ఫెర్రాంటె ఈ సంగతిని నవ్వు పుట్టేలా చెప్పి వదిలేస్తుంది గాని, నాకు నవల మొత్తం ఇక్కడే ఉందనిపించింది. పని చేసింది ఎవరు, పేరు ఎవరిది?

తర్వాత జరిగేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. లీల పదేళ్ళ వయసులో ఒక చిన్న కథ రాస్తుంది. టీచరు దాన్ని పట్టించుకున్నట్టు కనిపించదు. చాలా ఏళ్ళకు, తన మొదటి నవల అచ్చవబోతున్న సమయంలో, లెనుకు ఆ పాత కాగితాలు దొరుకుతాయి. తన నవలకు ప్రాణం ఆ పసిపిల్ల కథలో ఉందని ఆమెకు అర్థమవుతుంది. ఆ కాగితాలు పట్టుకుని, మాంసం ఫ్యాక్టరీలో కూలి చేస్తున్న లీల దగ్గరికి వెళితే, లీల వాటిని మంటలో పడేస్తుంది. అంతకుముందు 1966లో లీల తన నోటుపుస్తకాలను దాచిపెట్టమని ఇస్తే, లెను వాటిని చదివి, కొన్ని భాగాలు కంఠస్థం చేసి, పీసా నగరంలో వంతెన మీదనుంచి నదిలోకి తోసేస్తుంది. పెళ్ళి దుస్తుల్లో ఉన్న తన ఫోటోను పెద్దది చేయించి చెప్పుల దుకాణంలో తగిలించబోతే, లీల దానిమీద నల్లకాగితాలు, రంగులు అంటించి తన రూపం దాదాపు మాయమయ్యేలా చేస్తుంది. దుకాణంలో అమ్మే చెప్పుల నమూనాలు లీలవి, లాభం మగవాళ్ళది. లెను నవలల్లో ఊపిరి లీలది, సంతకం లెనుది.

ఇందులో లెనును దొంగ అనడానికి లేదు. ఆమె కష్టపడి చదివింది, కష్టపడి రాసింది. ఇంట్లో మాట్లాడే మాండలికం వదిలి బడి భాష నేర్చుకుంది, దానికి తన తల్లితో తగువునే మూల్యంగా చెల్లించింది. మొదటి తరం చదువుకున్న ఆడపిల్లలెవరికైనా ఆ దూరం తెలుసు. అయితే ఆ చదువు ఆమెకు దక్కింది, లీలకు దక్కలేదు. రాసే స్త్రీ వెనక రాయలేకపోయిన స్త్రీ ఉంటుందని, మొదటామె రచనలో రెండో ఆమె తెలివి, మాట, కోపం కలిసి ఉంటాయని, పుస్తకం మీద మాత్రం ఒక్క పేరే పడుతుందని ఈ నవల చెబుతుంది. నవల వెనక ఉన్న రచయిత్రి ఎవరని మనం అడుగుతుంటే, ఆ రచయిత్రి వెనక ఎవరున్నారని నవల మనల్ని అడుగుతోంది.

2016 అక్టోబరులో ఒక ఇటాలియన్ పాత్రికేయుడు ఫెర్రాంటె ఫలానా ఆవిడేనని ప్రకటించాడు. అందుకు ఆయన చదివింది నవలల్ని కాదు, ఇళ్ళ కొనుగోలు పత్రాలను, ప్రచురణసంస్థ చెల్లింపుల లెక్కలను. అవినీతి చేసిన మంత్రి మీద చేసే విచారణ లాంటిది ఒక నవలాకారిణి మీద చేశాడు. ఆయన రాసిన పేరును నేనిక్కడ రాయను. కొందరు పరిశోధకులు కంప్యూటరుతో పదాలు లెక్కపెట్టి, ఈ శైలి ఒక పురుష నవలాకారుడి శైలికి దగ్గరగా ఉందన్నారు. వెంటనే అసలు రాసింది మగవాడేమోనన్న మాట బయల్దేరింది. ఇది మనకు బాగా తెలిసిన మాటే. స్త్రీ బాగా రాస్తే వెనక మగవాడున్నాడనడం, పచ్చిగా రాస్తే అది ఆమె సొంత జీవితమనడం, ఈ రెండే ఉంటాయి విమర్శకుల దగ్గర. నా పీహెచ్‌డీ తెలుగు స్త్రీల నవలల మీద. ఒక సదస్సులో నేను పత్రం చదివి, ఒక నవల నిర్మాణం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాక, ఒక పెద్దాయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, ‘ఆవిడ నిజంగానే భర్తను వదిలేసిందామ్మా?’ అని. పేరు దాచుకోవడం ఆ ప్రశ్నకు తలుపు మూసేయడం. ఫెర్రాంటె గురించి మాట్లాడాలంటే ఆమె వాక్యాల గురించే మాట్లాడాలి, వేరే దారి లేదు.

తెలుగులో మారుపేర్ల చరిత్ర వేరే రకంగా నడిచింది. స్త్రీల నవలలకు విపరీతమైన గిరాకీ ఉన్న రోజుల్లో మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ‘బీనాదేవి’ పేరుతో భార్యాభర్తలిద్దరూ రాశారు. భర్త పోయాక కూడా ఆవిడ అదే పేరుతో రాశారు. ఆ పేరు కింద ఏ వాక్యం ఎవరిదని విడదీసి చూపించడం కష్టం. లీల, లెనుల సంగతి తెలిశాక ఆ కష్టాన్ని తీర్చాల్సిన చిక్కుగా కాక, రచన అనేది ఎలా పుడుతుందో చెప్పే విషయంగా చూడాలనిపిస్తోంది.

అయితే ఫెర్రాంటె దారి అందరికీ దారి అని నేననను. ‘నల్లపొద్దు’ లాంటి సంకలనంలో దళిత స్త్రీలు తమ పేర్లతో నిలబడటమే పోరాటం. అక్కడ పేరు అంటే కులం, ఊరు, అవమానం, ఆత్మగౌరవం అన్నీ కలిసిన ప్రకటన. ఏ అండా లేని స్త్రీ పేరు దాచుకుంటే లోకం ఆమెను వెతకదు, మర్చిపోతుంది, అంతే. ఎవరైనా తమది కాని అణచివేతను తమదిగా చెప్పుకుని, ఆ అనుభవం ఉన్న మనిషికి దక్కాల్సిన చోటును ఆక్రమిస్తే ఒప్పుకోలేం. ఫెర్రాంటె విషయంలో కూడా ఆ పాత్రికేయుడు ఇదే వాదం తెచ్చాడు. ఆమె తన తల్లి నేపుల్స్‌లో బట్టలు కుట్టేదని రాసింది గాని, తాను బయటపెట్టిన వ్యక్తి జీవితం అలాంటిది కాదన్నాడు. ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. కానీ ఫెర్రాంటె ఎవరి చోటునీ తీసుకోలేదు. తన చోటును కూడా ఖాళీగా ఉంచింది. అందుకే నాకు రెండు ప్రశ్నలు ముఖ్యమనిపిస్తున్నాయి. పేరును చెరిపింది ఎవరు? చెరపడం వల్ల ఎవరికి లాభం? ముద్దుపళని పీఠికను ఇతరులు తీసేశారు, దాన్ని తిరిగి పెట్టడం న్యాయం. ఫెర్రాంటె తన పీఠికను తనే రాయలేదు. దాన్ని లాక్కొచ్చి అంటించడం న్యాయం కాదు. రెండుచోట్లా మనం గౌరవించాల్సింది స్త్రీ నిర్ణయాన్నే.

నాలుగో సంపుటం చివర్లో లెను, రాయనని మాట ఇచ్చి కూడా, లీల మీద ఒక చిన్న పుస్తకం రాస్తుంది. దానికి మంచి పేరొస్తుంది. లీల ఆమెతో మళ్ళీ మాట్లాడదు. ఇంత కఠినమైన మాట రచయిత్రుల గురించి రచయిత్రే చెప్పడం నేను ఎక్కువగా చూడలేదు. మన అమ్మల మాటలు, పక్కింటి పిన్ని బాధలు, పనిమనిషి సామెతలు మన కథల్లోకి వచ్చినప్పుడు సంతకం మనదే అవుతుంది. పరిశోధనలో కూడా అంతే, ఎవరో చెప్పిన జీవితం మన డిగ్రీ అవుతుంది. ఇప్పుడు ఒక కొత్త నవల చేతికొస్తే రచయిత్రి ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనే కోరిక నాకు పోలేదు, పోవాలని కూడా లేదు. కాని దానికంటే ముందు, ఈ పేజీల్లో సంతకం లేని స్త్రీలు ఎవరున్నారో వెతకడం నేర్చుకుంటున్నాను. వాళ్ళ పేర్లు చెప్పాలో వద్దో వాళ్ళనే అడగాలి.