జోకు అను మాట

మన యిండ్లలో నేడు 'జోకు' అను మాట నెరుగని పసివాడు లేడు. ఆంగ్లేయభాషలోని యీ చిన్నమాట లాటిను 'జోకస్' నుండి పుట్టినది. ఆటమాట, పరిహాసము అని దాని మూలార్థము. మన యూళ్లకు వచ్చిన పిమ్మట దాని సంసారము పెరిగినది. మిత్రుడు చెప్పిన పిట్టకథ జోకు. చలనచిత్రములో హాస్యగాడు బురదలో పడుట జోకు. పరీక్ష నెగ్గుట జోకు కాదన్నచో సులభము కాదని యర్థము. వాని మాట యొక జోకన్నచో నమ్మదగినది కాదని యర్థము. పేకాటలో జోకరు ఏ ముక్క లేనిచోట ఆ ముక్కగా చెల్లును. ఈ మాటయు నట్లే చెల్లుచున్నది.

జోకరు చేతికి వచ్చినప్పుడు మనము పారవైచిన ముక్కలెవ్వియో చూతము. సరసము, పరాచికము, ఛలోక్తి, వేళాకోళము, ఎకసెక్కెము, ఎగతాళి, వెక్కిరింత, అవహేళనము: ఇవి యన్నియు మన మాటలే. బావామరదండ్రు పరాచికములాడుకొందురు, అందు ఇరువురకును సమానమైన చనవు గలదు. ఛలోక్తి యెవ్వరిని నొప్పింపక మాటనేర్పుచే నవ్వించును. వేళాకోళమునకు బదులు చెప్పవచ్చును. ఎగతాళి యెదుటివానిని తక్కువపరచును. వెక్కిరింత యొకని నడకను, నత్తిని అనుకరించి చూపును. అవహేళనము పగకు దారితీయును. ఏ మాట వాడితిమో విన్నంతనే, ఎవరు ఎవరిని జూచి నవ్విరో, ఎవరికి నొప్పి కలిగెనో తెలియుచుండెను. జోకు అన్నచో ఏమియు తెలియదు; నవ్వు పుట్టెనని మాత్రమే తెలియును.

సంస్కృతలాక్షణికులు నవ్వును వట్టి చప్పుడుగా నెంచలేదు. భరతుని నాట్యశాస్త్రము తాను నవ్వుటను ఆత్మస్థమనియు, ఇతరులను నవ్వించుటను పరస్థమనియు హాస్యమును విడదీసి, నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని యారు మెట్లుగా చెప్పినది. మొదటి రెండును ఉత్తములవి, నడిమి రెండును మధ్యములవి, తుది రెండును అధములవి. ఆ తరగతులను పుట్టుకతో గాక నడతతో కొలిచినచో, నేటికిని ఆ కొలబద్ద పనికివచ్చును.

ఈ దోషమును ఆంగ్లభాషపై మోపుట న్యాయము కాదు. విట్టు, హ్యూమరు, సెటైరు, రిడిక్యూలు అని ఆ భాషవారును వేరువేరుగా చెప్పుకొందురు. మన మా సంచిలోనుండి ఒక్క నాణెమునే తెచ్చుకొని అన్ని బేరములకు దానినే చెల్లించుచున్నాము. పైగా జోకు రాకమునుపు 'తమాషాకన్నాను' అని తప్పించుకొనినవారు మన తాతలలో లేకపోలేదు. సాకు పాతదే, దానికి తొడిగిన చొక్కా క్రొత్తది. హ్యూమరు అనుమాటకు లాటినులో తడి అని యర్థము. దేహములోని నాలుగు ద్రవముల పాళ్లనుబట్టి మనుష్యుని స్వభావముండునని పూర్వపు ఐరోపా వైద్యులు తలచిరి. అందుండి ఆ మాట స్వభావమునకు, వింతస్వభావమునకు, తుదకు హాస్యమునకు చెల్లినది. మన రసశబ్దమునకును ద్రవమని యర్థము గలదు. తడిలేని నవ్వును రసమనుటకు నాకు నోరాడదు.

అట్టి తడిలేని నవ్వు నా నోటినుండియే యొకనాడు వచ్చినది. మా మార్కాపురము పలకలకు పేరుపొందిన ప్రాంతము. కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలో నొక బాలుడుండెను. తండ్రి పలకరాయి కోయు పనివాడు. ప్రొద్దున తండ్రికి సాయపడి, తలపై రాతిదుమ్ముతోనే వాడు బడికి వచ్చెను. నేనడిగిన ప్రశ్నకు బదులు తోచక నిలుచుండగా, "ఏంరా, నీ తలకాయ కూడా పలకేనా? ఏం రాసినా తుడుచుకొని పోతాది!" అంటిని. తరగతి గొల్లుమన్నది. వాడును నవ్వెను. మరునాడు వాడు వెనుకబల్లకు పోయెను. పిలిచి, "జోకుకన్నానురా" అంటిని. "అందరూ నవ్వినారు గదా సార్, నేను కూడా నవ్వినాను" అనెను. ఆ యేడంతయు వాడు నన్నొక్క సందేహమైన నడుగలేదు.

నేను చేసినది ఎగతాళి. ఆ పేరుతో చెప్పుకొనియుంటినేని, వానిని క్షమింపుమని యడుగవలసి వచ్చెడిది. జోకు అన్నందున నాకా బాధ్యత తప్పినది. అర్థము చేసికొనవలసిన భారము పదునాలుగేండ్ల పిల్లవానిపై బడినది. ఇండ్లలోను ఇదియే జరుగుచున్నది. కోడలు తెచ్చిన సారెను గూర్చియో, ఆమె మేనిచాయను గూర్చియో యొకరు మాట విసరుదురు. ఆమె కంటనీరు పెట్టుకొన్నచో, "జోకు కూడ తెలియదా?" అందురు. అన్నవారి తప్పు విన్నదాని తెలివితక్కువ యగును. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము.

నవ్వు కూడదని నా వాదము కాదు. సంఘసంస్కరణమునకు నవ్వుకన్న పదునైన పనిముట్టు మనకు లభింపలేదు. 1897లో అచ్చయి, 1909లో గురజాడవారే పెంచి తిరుగవ్రాసిన 'కన్యాశుల్కము'నే చూడుడు. కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడపిల్ల వేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లిచేయించును. అచ్చటి నవ్వు ఆడవేషముమీద గాదు. డబ్బుపోసి పసిదానిని కొనజూచిన ముసలివానిమీద. బుచ్చమ్మ యమాయకత్వము మనకు నవ్వు తెప్పించినను, ఆమె వైధవ్యము నవ్వులపాలు కాలేదు. మన చలనచిత్రములు పెక్కింటిలో ఆడవేషమే, నత్తియే, నల్లనిమేనే, స్థూలకాయమే నవ్వుటకు చాలిన కారణములైనవి. ఒకచోట బలవంతుడు నవ్వులపాలగుచున్నాడు, వేరొకచోట బలహీనుడు. రెంటిని జోకులే యనుట విమర్శ కానేరదు.

నవ్విన నాపచేనే పండునని సామెత. రాతినేలల నడుమ బ్రతుకు మావారికి దాని యర్థము వివరింపనక్కరలేదు. తెలంగాణములో 'జోకు' అను వేరొక మాట గలదు. తూచుట యని దాని యర్థము. అంగడివాడు బియ్యము జోకి యిచ్చును. ఆంగ్లపు జోకును ఇంటినుండి వెడలగొట్టుట మనవల్ల గాదు, అవసరమును లేదు. నోటినుండి విడుచుటకు మున్ను దానిని ఆ రెండవ జోకుతో జోకిన చాలును.