చివరి పేజీ నుంచి చదవండి

సిబిల్ రిపోర్టు చేతికి రాగానే అందరూ స్కోరు చూస్తారు. బ్యాంకులో గృహరుణాల ఫైళ్లు చూసినన్నాళ్లూ నేను ముందు చివరికి తిప్పేదాన్ని. ఎంక్వైరీలు ఉండేది అక్కడే. ఏ సంస్థ, ఏ తేదీన, ఏ రకం అప్పు కోసం, ఎంత మొత్తానికి మన చరిత్ర అడిగిందో వరసగా కనిపిస్తుంది. రిటైరయ్యాక కూడా, ఇల్లు కొనబోతూ ఎవరైనా రిపోర్టు తెస్తే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

అప్పు మంజూరైందా, బ్యాంకు కాదందా, మనమే వద్దనుకున్నామా అన్నది ఆ వరసలో ఉండదు. నెలలో నాలుగైదు ఎంక్వైరీలుండి, కొత్త ఖాతా ఒక్కటీ లేకపోతే, ఫైలు చూసే అధికారికి ‘అందరూ తిప్పి పంపినట్టున్నారు’ అనే అనుమానం వస్తుంది. నాకూ వచ్చేది.

స్కోరు మీద ఒక్కో ఎంక్వైరీ దెబ్బ చిన్నదే. వాయిదాలు వేళకు కట్టారా, కార్డు పరిమితిలో ఎంత వాడేశారు అన్నవాటి బరువే ఎక్కువ. అయితే చాలా బ్యాంకులు గృహరుణం వడ్డీని స్కోరును బట్టి నిర్ణయిస్తున్నాయి. అంచున ఉన్నవాళ్లకు ఆ కొద్ది పాయింట్లే వడ్డీ మార్చేయవచ్చు. 20 ఏళ్లకు 50 లక్షల అప్పు మీద 8.5 శాతం కాస్తా 8.75 అయితే నెలకు దాదాపు 800 రూపాయలు, మొత్తం మీద లక్షా 90 వేలు అదనం.

నన్ను బాధపెట్టేది, ఈ ఎంక్వైరీల్లో చాలావాటి సంగతి ఆ మనిషికే తెలియకపోవడం. మాకు తెలిసిన భార్యాభర్తలు ఒక ఏజెంటుకు పాన్ కాపీలిచ్చారు. ఏది ముందొస్తే అదని అతను నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టేశాడు. “మేం ఒక్క బ్యాంకునే అడిగామండీ” అంటుంది ఆవిడ. కో-అప్లికెంటు కాబట్టి ఆవిడ రిపోర్టులోనూ ఆ నాలుగూ పడ్డాయి. ఫ్రిజ్ ఈఎంఐ, ఫోన్లో లోన్ యాప్ కూడా అక్కడే చేరతాయి.

మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఎవరైనా మన రిపోర్టు తీస్తే మెసేజ్ గానీ మెయిల్ గానీ రావాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. తప్పుల మీద ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం.

అమెరికాలో ఉన్న పిల్లలు ‘45 రోజుల్లో ఎన్ని చోట్ల అడిగినా ఒకటే లెక్క’ అని చెబుతారు. అది అక్కడి ఫైకో స్కోరు కొత్త మోడళ్ల పద్ధతి; దాన్ని నమ్మి ఇక్కడ ఫైళ్లు పంచిపెట్టకండి. వడ్డీలు పోల్చాల్సిందే. అందుకు మీరు తీసుకున్న రిపోర్టు పట్టుకెళ్లి బ్రాంచీల్లో మాట్లాడండి, పాన్ మాత్రం ఒకటి రెండు చోట్లే ఇవ్వండి.

ఆ దంపతుల చేత ఒక కాగితం రాయించాను: ఇవి ఏజెంటు వేసినవి, వీటిలో ఎక్కడా అప్పు తీసుకోలేదు, ఇది ఫ్రిజ్ ఈఎంఐ కోసం, తేదీలతో సహా. అలాంటి కాగితం జతచేసిన ఫైలు వస్తే, నా రోజుల్లో, మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండేది కాదు.