తెలుగు యూదుల వంశస్మృతి: యోగము, రూఢి

నంద్యాల యను పేరు 'నంద్యాలయ' శబ్దభవ మని పెద్దలు చెప్పుదురు. ఆ ప్రాంతమున నవనందిక్షేత్రములు నిలిచియుండుటచే నా వ్యుత్పత్తికిఁ గొంత బలము గలదు. ఆ సీమలోనిదే యగు ఆళ్లగడ్డ పేరున నెవరేని ధ్వనినిబట్టి 'అల్లా' శబ్దముఁ గన్నచో ళకారమునకు గతి యేమి? సామ్యము శంకకు హేతు వగును, నిర్ణయమునకుఁ గాదు.

షమూయేలు యాకోబిగారి 'ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్' (2002) చదువువారి కీ వివేక మావశ్యకము. గుంటూరు ప్రాంతమునఁ జేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమునందలి బెనె ఎఫ్రాయిములు తాము ఇశ్రాయేలీయులలో ఎఫ్రాయిము గోత్రమువార మని చెప్పుకొందురు. మాదిగకులమునఁ బుట్టి, క్రైస్తవమున నుండి, 1980 దశకమునుండి వీరు యూదాచారములఁ జేపట్టిరి. గ్రంథకర్తయు, సోదరుఁడు సాదోకుగారును ఈ యుద్యమమునకు మూలపురుషులు. ఆ గ్రామమున యూదుల ప్రార్థనామందిరమును వెలసినది.

తెలుఁగునకును హెబ్రీభాషకును ప్రాచీనసంబంధముఁ జూపుట గ్రంథకర్త యుద్దేశములలో నొకటి. భాషాబాంధవ్యమును స్థాపించునవి విడిపదముల పోలికలు గావు. నియతములగు వర్ణపరిణామములు, సంఖ్యావాచకములు, ధాతువులు, విభక్తులు. 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల పొత్తు నీ మార్గముననే నిరూపించిరి. హెబ్రీధాతువు ప్రాయికముగా వ్యంజనత్రయాత్మకము. తెలుఁగుధాతువు ప్రత్యయముల వెనుకఁ జేర్చుకొనునది. కావున నీ వాదము నిలువదు. గోమాంసభక్షణమును యూదవంశచిహ్న మనుటయు నతివ్యాప్తిదోషదుష్టము. ఆ యాచారము గలవా రనేకులు.

ఐనను, విమర్శ యింతతో ముగిసినచో నది పక్షపాత మగును. తమ గోత్రఋషుల మొదలు నేఁటివఱకుఁ బురుషానుక్రమమునకు లేఖ్యప్రమాణముఁ జూపఁగల పండితు లెందఱు? తమ్ము నడుగుకొనని ప్రశ్నను, తరతరములుగా నంటరానివా రనిపించుకొన్న కుటుంబము నడుగుట న్యాయమా? యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజుల 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' (2013) ఈ వృత్తాంతమును కులమర్యాదలతోడి వివాదముగాఁ బరిశీలించుటచే నధికోపయుక్తము.

శబ్దార్థవిచారమున యోగముకంటె రూఢి బలీయ మని శాస్త్రసమ్మతము. యాకోబిగారి యోగము సిద్ధింపలేదు. కాని విశ్రాంతిదినముఁ బాటించుచు, హెబ్రీయక్షరములు నేర్చుకొనుచు, తెలుఁగునఁ బలుకుచుఁ బెరిగిన సంతతి యొకటి యచట నున్నది. వారి పేరునకు రూఢియే ప్రమాణము. గ్రంథమును నిరాకరించువారును ఆ జనులను నిరాకరింపరాదు.