ప్రాక్సీలో పేరుకునే పూడిక

మచిలీపట్నం పక్కన గిలకలదిండి హార్బర్‌కు ఏళ్ల తరబడి తీరని బెడద మొగలో వేసే ఇసుక మేట. పోటు రాకపోతే బోటు కదలదు. డ్రెడ్జింగ్ చేస్తే దారి తెరుచుకుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ పూడుతుంది. స్క్రిప్టులతో నడిచే ప్రాక్సీ సర్వర్‌లో మెమరీ లీక్ తీరూ ఇదే. రీస్టార్ట్ చేయడమంటే పూడిక తీయడం. ఇసుక ఎటునుంచి కొట్టుకొస్తోందో కనిపెట్టడం వేరే విద్య.

ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్జిన్‌ఎక్స్ సర్వర్ మెమరీ దగ్గర మహా పొదుపరి. ప్రతి రిక్వెస్టుకూ ఒక పూల్ కేటాయించి, పని ముగియగానే మొత్తాన్ని ఒక్కసారే వదిలేస్తుంది. యిచున్ ఝాంగ్ చేపట్టిన ఓపెన్‌రెస్టీతో ఆ సర్వర్ లోపలే లువా భాషలో రాసిన స్క్రిప్టులు నడపడం తేలికైంది. హెచ్‌ఏప్రాక్సీ అనే మరో ప్రాక్సీ సర్వర్‌లోకి కూడా 2015లో, 1.6 వెర్షన్‌తో, లువా వచ్చింది. దాంతో సౌకర్యం పెరిగింది, లీకులకు కొత్త దారులూ తెరుచుకున్నాయి.

వాడని మెమరీని తనంతట తానే ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ లువాకు ఉంది కదా, మరి లీక్ ఎలా? కలెక్టర్ ఊడ్చేది ఎవరికీ అక్కర్లేని వస్తువుల్ని కాదు, ఎవరూ పట్టుకుని లేని వస్తువుల్ని. జాన్ మెకార్తీ 1960లో లిస్ప్ కోసం వివరించిన నాటి నుంచీ దీని మూలసూత్రం అదే. ప్రోగ్రామర్ ఐపీ అడ్రసుల లెక్క కోసం మాడ్యూల్ పైభాగంలో ఒక టేబుల్ పెడతాడు. కోడ్ క్యాష్ ఆన్‌లో ఉంటే, రిక్వెస్టులు అందుకునే వర్కర్ ప్రాసెస్ బతికినంతకాలం మాడ్యూల్ ఉంటుంది, టేబుల్ కూడా ఉంటుంది. కొత్త అడ్రసు వచ్చిన ప్రతిసారీ ఒక ఎంట్రీ చేరుతుంది, ఒక్కటీ పోదు.

అనుభవజ్ఞులు ముందు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్ చూపించే వర్కర్ మెమరీ. రెండోది కలెక్ట్‌గార్బేజ్ ఫంక్షన్‌ను 'కౌంట్' అని అడిగితే కిలోబైట్లలో వచ్చే లువా సొంత లెక్క. రెండూ కలిసి పెరుగుతుంటే దోషం చాలావరకు స్క్రిప్టులోనే. లువా లెక్క నిలకడగా ఉండి, వర్కర్ మెమరీ మాత్రమే ఎగబాకుతుంటే సర్వర్‌లోని సి కోడ్ వైపు చూడాలి, లేదా మెమరీ ముక్కలుముక్కలుగా చెదిరిపోయిందా అని అనుమానించాలి. ఎన్నో రాత్రుల వృథా వెతుకులాటను తప్పించగల పరీక్ష ఇది.

సి వైపు వెతకడానికి జూలియన్ సీవర్డ్ రూపొందించిన వాల్‌గ్రిండ్ అనే పరికరం 2002 నుంచీ ఉంది. కానీ పూల్ లోపలి చిన్నచిన్న కేటాయింపులు దానికి విడిగా కనబడవు. అందుకే పూల్‌ను పక్కకు తప్పించే ప్యాచ్‌ను ఝాంగ్ తయారుచేశాడు. వాల్‌గ్రిండ్ కింద ప్రోగ్రాం బాగా నెమ్మదిస్తుంది కాబట్టి జనం వాడుతున్న సర్వర్ మీద దాన్ని నడపలేరు.

అక్కడ పనికొచ్చేది యూప్రోబ్స్. నడుస్తున్న ప్రోగ్రాంను ఆపకుండా అందులోని ఏ ఫంక్షన్‌నైనా గమనించే ఈ ఏర్పాటు 2012లో లినక్స్ 3.5లో చేరింది. లినక్స్ కెర్నెల్‌లోని దీని ఫైలులో రచయితలుగా ఐబీఎంకు చెందిన శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ పేర్లుంటాయి. ద్రోణంరాజు అనే ఇంటిపేరు తెలుగువాళ్లకు కొత్తది కాదు. మెమ్‌లీక్ అనే పరికరం దీని ఆధారంగానే మెమరీ తీసుకునే మాలాక్, తిరిగిచ్చే ఫ్రీ పిలుపుల్ని జతచేసి చూస్తుంది. తీసుకుని తిరిగివ్వని మెమరీ ఏ దారిన పోయిందో ఫంక్షన్ల వరుసతో సహా చూపిస్తుంది. ప్రపంచమంతా వాడే ఈ పనిముట్టు పునాదిలో ఇలాంటి పేరుందని మన ఇంజనీరింగ్ తరగతుల్లో చెప్పాలి.

మరమ్మతులో ఒక ఉచ్చు ఉంది. తనలోని వస్తువుల్ని కలెక్టర్ ఊడ్చకుండా పట్టుకోని వీక్ టేబుల్ పెడితే చాలనుకుంటారు చాలామంది. కీలను వీక్ చేసినా, అవి ఐపీ అడ్రసుల్లాంటి స్ట్రింగులైతే ఆ ఎంట్రీలు తొలగవు. లువా మాన్యువలే ఈ సంగతి చెబుతుంది. హద్దు గీయడమే సరైన మందు: ఇన్ని ఎంట్రీలే అని చెప్పి ఎల్‌ఆర్‌యూ క్యాష్ వాడాలి, లేదా కాన్ఫిగరేషన్‌లోనే పరిమాణం ఖరారయ్యే షేర్డ్ డిక్షనరీ వాడాలి. నిండితే చాలాకాలంగా వాడనివి ముందు పోతాయి.

ఆ తర్వాత పాత కోడ్‌కూ కొత్త కోడ్‌కూ డబ్ల్యూఆర్‌కే అనే లోడ్ పరీక్షా పరికరంతో ఒకే లోడు ఇస్తారు, కీలు మారుతూ ఉండేలా చూసుకుని. కలెక్టర్‌ను పూర్తిగా నడిపించాకే ప్రతిసారీ కౌంట్ రాసుకుంటారు. మొదట్లో క్యాష్ నిండేదాకా పెరుగుదల సహజం. ఆ తర్వాత కూడా కౌంట్ గీత పైకే పోతుంటే, ఇంకొక టేబుల్ ఎక్కడో మిగిలే ఉంది.